థండర్ పార్టీ క్యాసెట్టు కోసం నాలుగు ఊళ్లు

2015 ఫిబ్రవరి 5, గురువారం. తెనాలి స్టేషనుకు సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు రావలసిన రైలు 7 గంటల 25 నిమిషాలకు వచ్చింది. ప్రయాణం మొదలైన సమయంగా రెండోదాన్నే రాసుకున్నాను. ఆలస్యానికి కారణం ఎవరూ చెప్పలేదు. అడిగింది కూడా నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా పల్లీలు తింటూ కూర్చున్నారు.

నేను వెళ్లింది మా తమ్ముడు రాంబాబు గొంతు కోసం. నవంబరులో డాక్టర్లు వాడి గొంతుపెట్టె మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పటినుంచి వాడి చేతిలో పలక ఒకటి ఉంటుంది. ‘మజ్జిగ’, ‘ఫ్యాను తగ్గించు’, ‘ఆ సీరియల్ కట్టెయ్’, రోజూ ఇవే రాతలు. జనవరి చివర ఒక మధ్యాహ్నం మాత్రం ఏదో రాసి, పలక నా ముందుకు తోసి, తను కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. ‘థండర్ పార్టీ క్యాసెట్టు ఎవరి దగ్గరైనా ఉందేమో’ అని ఉంది.

థండర్ పార్టీ అంటే చెప్పాలి. మా నాన్నగారు విజయనగరం రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసే రోజుల్లో, 1980లో, రాంబాబుకి పదిహేడేళ్లు. ఇంటర్ చదువుతున్న ముగ్గురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న పాటల జట్టు అది. వీడు పాడేవాడు. పొందూరు నేతగాళ్ల అబ్బాయి సూరిబాబు గిటారు. సముద్రపు ఒడ్డు ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉండే అప్పన్న డ్రమ్ములు. గిటారు వడ్రంగి చేసినది, డ్రమ్ముల్లో రెండు కిరసనాయిలు డబ్బాలు. మా ఎదురింటివాళ్లకి కారు షెడ్డు ఉండేది, కారు ఉండేది కాదు. అందులో సాధన. వయొలిన్లూ మృదంగాలూ నేర్పే ఊళ్లో ఈ రొద ఏమిటని పక్కవీధి మాస్టారు రోజూ వచ్చి తిట్టి వెళ్లేవారు. పెళ్లికి పిలిచినవాళ్లు పేరు చూసి బ్యాండు మేళం అనుకుని, ఊరేగింపులో నడవమన్నారు.

ఒక ఆదివారం ఆ షెడ్డులోనే మైకు సెట్టు కొట్టు పైడిరాజు ఆరు పాటలు రికార్డు చేశాడు. వాటిలో రెండు వీళ్లు సొంతంగా కట్టినవి, ఒకదాని పేరు ‘సాంబారులో నీళ్లు’. నాలుగు క్యాసెట్లు తయారయ్యాయి, ముగ్గురికీ తలొకటి, పైడిరాజుకొకటి. మాది మరుసటేడు నాన్నగారి బదిలీలో, సామాను లారీలో పోయింది. తర్వాత రాంబాబు ఉద్యోగంలో చేరాడు. మళ్లీ స్నానాలగదిలో కూడా పాడలేదు.

వాడి గొంతు ఇంకెక్కడా లేదా అని చాలామంది అడిగారు. నా ఫోనులో ఉంది. ఒక వీడియోలో ‘ఆ ప్లేటు ఇటు ఇవ్వు’ అంటాడు. ఇంకోదాంట్లో తుమ్ముతాడు. అంతే.

విజయనగరం: గంటసేపు మైకు

శుక్రవారం పొద్దున దిగాను. స్టేషను బయట మూడు ఇడ్లీలు ఇరవై రూపాయలు. చట్నీలో బెల్లం ఉందేమోనని అనుమానం వచ్చి అడిగితే, హోటలాయన ఉందని సంతోషంగా చెప్పాడు. మా తెనాలిలో చట్నీలో తీపి తగిలితే గొడవ పడతారు. ఇక్కడ తగలకపోతే పడతారట.

కారు షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. పైడిరాజు కొట్టు మాత్రం మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉన్నచోటే ఉంది. బోర్డు మీద మైకు సెట్టు బదులు డీజే అని ఉంది. పైడిరాజుకి డెబ్భై దాటాయి. నేనెవరో చెప్పగానే కుర్చీ వేయించి, టీ తెప్పించి, క్యాసెట్టా, లేకేమమ్మా, ఉందన్నాడు. ఇంత సులువుగా పని అవుతుందనుకోలేదు. అవలేదు కూడా.

అటకమీదనుంచి ఒక పాత మిషను, ఒక క్యాసెట్టు దింపించాడు. క్యాసెట్టు మీద చీటీ అంటించి ఉంది: థండర్ పార్టీ, రాంబాబు అండ్ కో. చీటీ రెండుసార్లు చదివాను. మీట నొక్కాడు. పైడితల్లమ్మ పండగలో తప్పిపోయిన మూడేళ్ల పిల్లవాడి గురించి పైడిరాజు గొంతే ప్రకటన చేసింది. ఎర్ర చొక్కా, నల్ల మొలతాడు, పేరు అడిగితే చెప్పడం లేదు.

‘‘కూకోండమ్మా, పాట వస్తాది,’’ అన్నాడు పైడిరాజు. ‘‘ఎక్కించినోన్ని నాను. నాకెరిక నేదేటి?’’

పాట రాలేదు. ఎర్ర చొక్కా పిల్లవాడు మళ్లీ వచ్చాడు. తర్వాత కిరసనాయిలు ఎప్పుడు ఇస్తారో వచ్చింది. ఒక సోడా కంపెనీ వచ్చింది. ముప్పై నిమిషాలకు ఒక వైపు అయిపోతే, రెండో వైపు తిప్పి, ఇందులో గ్యారంటీ అన్నాడు. రెండో వైపు కూడా ఆ పిల్లవాడే. ఖజానా ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి, ఒక్క సంతకం తక్కువైతే బిల్లు వెనక్కి పంపిన మనిషిని నేను. ఆ గంట ఎలా కూర్చున్నానో నాకే తెలియదు.

అయిపోయాక ఆయన మిషను వంక చూస్తూ, ఆ రోజుల్లో ఖాళీ క్యాసెట్టు దొరకడమే కష్టమని, పండగొచ్చిందంటే చేతికి అందినదాని మీద ఎక్కించేసేవాళ్లమని చెప్పాడు. మరి చీటీ ఎందుకు మార్చలేదని అడిగాను. చీటీ బాగుందని ఉంచాడట.

లేచి వస్తూ, ఆ పిల్లవాడు దొరికాడా అని అడిగాను. గంటసేపు విన్నాక అడక్కుండా ఎలా ఉంటాను?

‘‘దొరికినాడమ్మా. నా కాడే కూకుని జిలేబీ తినీసినాడు.’’

పొందూరు: మెల్లగా మాట్లాడాలి

శనివారం పొందూరు. సన్నటి ఖద్దరు నేసే ఊరు. వీధి అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్నారు. దగ్గరికెళ్లి చూస్తే దువ్వెనకన్నా సన్నని పళ్లు. మా వైపు ఖద్దరు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గాని, అందులో చేప ఎముక పని ఉందని తెలిస్తే సగంమంది మానేస్తారు. ఒక కొట్లో చీర ధర అడిగాను. విని, బాగుందని చెప్పి, ఖాళీ చేతులతో బయటికొచ్చాను.

సూరిబాబు ఆ పక్క కొట్లోనే గుడ్డ కొలుస్తున్నాడు. నన్ను పోల్చుకున్నాడు. క్యాసెట్టు అనే మాట నా నోట రాగానే గజంబద్ద కింద పెట్టేశాడు.

‘‘అక్కగారూ, కాస్త మెల్లగా. ఇంట్లో ఎవులికీ తెలీదు.’’

ఏం తెలీదంటే, గిటారు సంగతి. వీళ్ల మామగారు భజనలు పాడే మనిషట. పెళ్లిచూపుల్లో సంగీతం వచ్చా అని అడిగితే హార్మోనియం అని చెప్పాడట. ఆ అబద్ధాన్ని ముప్పై ఏళ్లు మోశాడు. క్యాసెట్టులో ‘సాంబారులో నీళ్లు’ పాట మధ్య హాస్టలు వార్డెన్ని తను తిట్టిన తిట్టు ఒకటి ఉందట. ఎవరైనా వింటారనే భయంతో క్యాసెట్టునీ, గిటారునీ అటకమీద ఖద్దరు మూటల వెనక దాచాడు.

భార్యకు నేను తన లెక్కల మాస్టారి అమ్మాయినని చెప్పాడు. నాకు అబద్ధాలు గిట్టవు, కాని భోజనం వేళ. ఆవపెట్టిన అరటికాయ కూర అమోఘంగా ఉంది. పులుసులో బెల్లం సంగతి మళ్లీ రాయను. తిన్నాక ఆవిడ లోపలికి వెళ్లగానే సూరిబాబు నిచ్చెనేసి అటకెక్కాడు. ముందు గిటారు తల కనిపించింది, తర్వాత డొక్క, తర్వాత సైకిల్ బ్రేకు తీగలు. అంతలో ఆవిడ తాంబూలంతో వచ్చేసింది.

‘‘దించండి, దించండి. దాని కింద పెట్టిన నా ఇత్తడి బిందె కూడా దించండి,’’ అంది. ‘‘పెళ్లయిన నెలకే సూసినాను. మీరు దాసుకుంటన్నారు గదా అని నానూ ఊరుకున్నాను.’’

సూరిబాబు నిచ్చెన మీదే ఉండిపోయాడు. నవ్వుకునే తీరిక నాకు లేదు. క్యాసెట్టు ఏదని అడిగాను. ఖద్దరు మూట విప్పి ఇచ్చాడు. హుద్‌హుద్ తుఫాను రాత్రి పైకప్పు కారి, మూట తడిసి, ఎవరూ చూడక అలాగే ఉండిపోయింది. లోపల రీలు తెల్లటి బూజు పట్టి ఒక్క ముద్దగా అతుక్కుపోయింది. గోటితో కదిపితే పొడి రాలింది.

రాంబాబు సంగతి అప్పుడు చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని సూరిబాబు కోప్పడ్డాడు. మెల్లగా మాట్లాడమన్నది నువ్వేనన్నాను. అప్పన్న దగ్గరిది తప్పకుండా ఉంటుందని, వాడు ప్రాణంలా చూసుకుంటాడని, మాఘమాసం ఆదివారాల్లో అరసవల్లి గుడి దగ్గర చెప్పుల స్టాండు పెడతాడని చెప్పాడు. బస్సు దాకా వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, ఆ తిట్టు మాత్రం రాంబాబే నేర్పాడని చెప్పమన్నాడు.

అరసవల్లి: ఆదివారం

మాఘమాసంలో ఆదివారం అరసవల్లి రావడం బుద్ధితక్కువ పని. సూర్యదేవుడి గుడి, ఆయన వారం, ఆయన నెల. మామూలు రోజు మూడువందల యాభై తీసుకునే లాడ్జి గదికి తొమ్మిదివందలు అడిగారు. కిటికీ లేదేమని అడిగితే, పొద్దున్నే గుడికి పోయేవాళ్లకి కిటికీ ఎందుకన్నాడు గుమస్తా. సూర్యుడి ఊళ్లో వెలుతురు రాని గదిలో పడుకున్నాను.

చెప్పుల స్టాండులు వరసగా ఉన్నాయి. అప్పన్నది ఏదని అడుగుతూ పోతే, మూడోదాని దగ్గర ఒకావిడ, టీకి పోయాడు, చెప్పులిచ్చి ఉండమంది. ఇచ్చాను. టోకెను లేదా అంటే, గుర్తు ఉంటాదిలే అంది. ఈలోగా వెనకనుంచి వచ్చిన జనం నన్ను నెట్టుకుంటూ తీసుకుపోయి దర్శనం వరసలో పడేశారు. బయటపడే దారి లేదు. రెండు గంటలు నిలబడి, దేవుణ్ని రెప్పపాటు చూసి, తిరిగొచ్చేసరికి స్టాండులో ఎవరో బట్టతల మనిషి ఉన్నాడు. నా చెప్పులు లేవు.

నా చెప్పులు నీలం పట్టీవని, ఎడమదానికి బొటనవేలి దగ్గర కుట్టు ఉందని, జనవరి మూడున రెండువందల నలభైకి కొన్నానని, టోకెను ఇవ్వకుండా చెప్పులు తీసుకోవడం ఏ పద్ధతని మొదలుపెట్టాను. బట్టతల మనిషి చేతులు కట్టుకుని ఆసాంతం విన్నాడు.

‘‘ఓలమ్మా,’’ అన్నాడు చివరికి. ‘‘రాంబాబు అప్పవి గాదేటి నువ్వు? ఈ తిట్టు నానెరుగుదును. మా జేబుల్లో సిల్లర కూడా నెక్కెట్టేదానివి.’’

ఈ వైపు అక్కని అప్ప అంటారు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆ పిలుపు వినగానే తిట్టవలసిన సగం మర్చిపోయాను. రాంబాబు సంగతి చెప్పాను. అప్పన్న అలాగే చెప్పుల గుట్ట పక్కన కూలబడ్డాడు. ఎవరో వచ్చి తమ జత అడిగితే, మీరే ఏరుకోండన్నట్టు చెయ్యి ఊపాడు. నా జత ఎలా పోయిందో అప్పుడు అర్థమైంది.

‘‘ఆడి గొంతేటప్పా,’’ అన్నాడు. ‘‘ఆడి గొంతు నా పెట్టిలో బద్రంగా ఉన్నాది. మొన్న తుపానుకి ఒడ్డు ఇంట్లోకొచ్చీసినప్పుడు, ముందు ఆ పెట్టే మోసినాను. ఇంటిది, బియ్యం మోయరా బాబు అని ఏడుస్తంటే ఇన్నాను కాదు.’’

వార్డెన్ ఎలా అరిచేవాడో, కిరసనాయిలు డబ్బాలు ఎక్కడ దొంగిలించారో సాయంత్రం దాకా చెప్పాడు. రాంబాబు పాడేముందు నాలుగు లెక్కపెట్టేవాడని, నాలుగు అనకముందే తను కొట్టేసి తిట్లు తినేవాడని కూడా చెప్పాడు. ఆ రాత్రి కిటికీలేని గదిలో నాకు మంచి నిద్ర పట్టింది.

కళింగపట్నం దాటాక

సోమవారం పొద్దున బస్సు, తర్వాత ఆటో, తర్వాత ఇసకలో నడక. కొత్త చెప్పులు వంద రూపాయలకు అరసవల్లిలో కొన్నాను. ఇసకలో మూడడుగులకే ఒకదాని పట్టీ ఊడింది. చేత్తో పట్టుకు నడిచాను. అప్పన్న ముందు నడుస్తూ వెనక్కి తిరక్కుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఒడ్డు పొడుగునా నెత్తళ్లనే సన్న చేపలు ఆరబోశారు, వెండి చిప్పల్లా. మా ఇంట్లో ఎండుచేప వాసన కూడా రాదు. ఇక్కడ ఊపిరి తీసుకుంటే అదే. కాకులు లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. చేపలకి నాలుగు పక్కలా కర్రలు పాతి, కర్రకీ కర్రకీ మధ్య ఏదో గోధుమరంగు పట్టీ సన్నగా లాగి కట్టారు. ఎండకి తళతళమంటోంది. గాలి వీచినప్పుడల్లా జుమ్మని మోగుతోంది. ఆ మోతకే కాకులు రావు. అదేమిటో అప్పన్న కంటే ముందు నాకు అర్థమైంది. పట్టీ చాలా చోట్ల ముక్కలై, ముడులేసి ఉంది. వేరే క్యాసెట్టు కావచ్చు కదా అనుకున్నాను.

అప్పన్న ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచాడు. రేషను కార్డు ఉంది, పడవ కాగితాలు ఉన్నాయి. క్యాసెట్టు డొల్ల ఉంది.

‘‘ఒసే నూకమ్మా, దీనిలో రీలేదే?’’

ఆయన భార్య గంప దించి లోపలికొచ్చింది. ‘‘కాకులకి కట్టినాను గదా.’’

అప్పన్న తిట్లు అందుకున్నాడు. వాటిలో చాలావరకు రాయదగినవి కావు. నూకమ్మ అంతా విని, నడుం మీద చెయ్యేసుకుంది.

‘‘ఊరంతా రీళ్లే కడతన్నారు. సినిమా పాటలయి రెండూ అయిపోనాయి. నెత్తళ్లు కాకులు తినీస్తే నువ్వు తెస్తావేటి? ఇన్నేళ్లలో ఒక్కపాలైనా ఇన్నావా దాన్ని? ఇనడానికి మిషనేదీ? మిషనమ్మీసి వల కొన్నావు. పెట్టిలో ఎట్టుకుని పూజ సేస్తే పాట వస్తాదేటి?’’

అప్పన్న డొల్లని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చెప్పాలంటే, ఆ నాలుగు రోజుల్లో నాకు కనిపించిన క్యాసెట్లన్నిటిలో ఇంకా ఏదో ఒక పనికి వస్తున్నది ఇదొక్కటే. ఆ మాట అప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేదాన్ని కాదు. ఆవిడ మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

కోపంలోనే చెప్పాను, ఆ రీలు మీద ఉన్నది మా తమ్ముడి గొంతని, ఇప్పుడు వాడికి గొంతు లేదని.

నూకమ్మ నా వంక, మొగుడి వంక చూసింది. ‘‘నాకెవులు సెప్పినారు ఆ ముక్క?’’ అంది మెల్లగా. కొంగు దోపుకుని ఎండలోకి వెళ్లి, తనే మొదటి కర్ర దగ్గర ముడి విప్పడం మొదలుపెట్టింది.

విప్పేముందు అప్పన్న ఒక పట్టీ దగ్గర చెవి పెట్టి నిలబడ్డాడు. ‘‘ఇంటన్నావా అప్పా?’’ అన్నాడు. విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. అదే చెప్పాను.

మొదటి పట్టీ దిగగానే కాకులు దిగాయి. వాటికి ఎవరు చెప్పారో తెలియదు. నూకమ్మ నా చేతికి ఒక కర్ర ఇచ్చింది. వాళ్లిద్దరూ ముడులు విప్పుతుంటే, అరవై ఎనిమిదేళ్ల నేను ఒంటి చెప్పుతో, ఇసకలో అటూ ఇటూ పరుగెత్తుతూ, నేను తినని చేపల కోసం కాకుల్ని తోలాను. అయ్యాక చోడి అంబలి, అంటే మా వైపు రాగి అంబలి, ఇచ్చింది, ఉల్లిపాయ నంజుకుని తాగాను. ఇందులో బెల్లం లేదు. ఈ ప్రయాణంలో వంక పెట్టలేకపోయిన తిండి ఇదొక్కటే.

రీలు ముక్కల్ని డొల్లతోపాటు పాత చీర గుడ్డలో మూటకట్టి ఇచ్చింది. గొంతు లేని మా తమ్ముడు ఏమైనా తినగలడా అని అడిగింది. తింటాడన్నాను. నెత్తళ్లు ఇంకో మూట కట్టింది. వద్దని ఎంత చెప్పినా వినలేదు. తిరుగు రైల్లో నా పెట్టెలో ముగ్గురు బెర్తులు మార్చుకున్నారు.

తెనాలి

రేడియోలు బాగుచేసే ముసలాయన వారం పెట్టుకున్నాడు. ఎండకి పట్టీ మీద పూత రాలిపోయిందట. ముక్కలు అతికించి మిషనులో వేస్తే ఒకటే హోరు. అది మేం ఒడ్డున ఊరికే విన్నదే. కాని డొల్ల విప్పి చూస్తే, లోపలి చక్రానికి కొన్ని చుట్లు అలాగే ఉన్నాయి. నూకమ్మ లాగినప్పుడు తెగి మిగిలిపోయినవి. రెండో వైపు మొదలు అదే అవుతుందన్నాడు. కొత్త డొల్లలో వేసి, అతికించి, అరువు మిషనుతో సహా ఇచ్చాడు.

రాంబాబు పక్కన పెట్టి మీట నొక్కాను. కాసేపు గరగర. ఎవరో దగ్గారు. కారు షెడ్డు రేకు చప్పుడు. తర్వాత పదిహేడేళ్ల గొంతు, నేను మర్చిపోయినంత పలచగా, గట్టిగా: ‘‘అప్పన్నా, నాలుగు అన్నాకే కొట్టరా. ఒకటి. రెండు. మూడు.’’

అక్కడ తెగింది.

రాంబాబు వెనక్కి తిప్పమని సైగ చేశాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి, మూడు అయ్యాక నాలుగు రావలసిన చోట, చేతిలో బలపంతో పలకమీద ఒక్క దెబ్బ వేశాడు. సరిగ్గా పడింది. బలపం రెండు ముక్కలైంది.

వచ్చినవాటి లెక్క ఇంతే. పోయినవి ఇవి:

క్యాసెట్లు నాలుగు. ఒకటి లారీలో, ఒకటి పండగలో, ఒకటి వానలో, ఒకటి కాకులకి.
పాటలు ఆరు, అందులో సొంతవి రెండు. వార్డెన్ని తిట్టిన తిట్టు ఒకటి.
చెప్పులు ఒక జత, ఇంకో జతలో ఒకటి.
బలపం ఒకటి.
‘నాలుగు’ అన్న మాట ఒకటి.